క్షణాన్ని కొలిచిన శాస్త్రవేత్త - బ్రూనో రోసీ

చీకటి రాత్రి ఆరుబయట నిలిచి ఆకాశం వైపు చూసేవారికి నక్షత్రాలు ప్రశాంతంగా, నిశ్చలంగా గోచరిస్తాయి. వాటి మినుకుమినుకు మన వాతావరణంలోని అలజడి వల్ల కలిగేదే తప్ప నక్షత్రాల స్వభావం కాదు. అందుకే మన పెద్దలు స్థిరత్వానికి ప్రతీకగా ధ్రువ నక్షత్రాన్ని చెప్పుకొన్నారు. కాని మన కంటికి ఎక్స్ కిరణాలను చూడగల శక్తి ఉండి ఉంటే ఆకాశం ఇంత నెమ్మదిగా కనిపించేది కాదు. దుర్భిణీ లేనిదే కానరాని ఒక చుక్క వృశ్చిక రాశిలో దేదీప్యమానంగా వెలుగుతూ, గంటగంటకూ తన కాంతిని మార్చుకుంటూ ఉండేది. మరొక చుక్క ఐదు సెకన్లకు ఒకసారి మెరుస్తూ, రెండు రోజులకు ఒకసారి కొన్ని గంటలపాటు పూర్తిగా ఆరిపోయేది. ఇంకొకటి చాలాసేపు నిలకడగా ఉండి, ఉన్నట్టుండి ఒక్క సెకను వ్యవధిలో అనేక రెట్లు భగ్గుమని, మళ్ళీ చల్లారేది. ఈ చంచలమైన ఆకాశాన్ని చూడగల కన్నును మానవజాతికి సంపాదించిపెట్టిన వారిలో అగ్రగణ్యుడు బ్రూనో రోసీ. అయితే ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడుగా జీవితాన్ని ప్రారంభించలేదు. దుర్భిణీ ముందు కూర్చుని నక్షత్రాలను పరిశీలించిన వారూ కారు. ఆయన జీవితమంతా కొలిచింది ఒక్కదానినే. అది క్షణం.

రోసీ 1905 ఏప్రిల్ 13వ తేదీన ఇటలీ దేశంలోని వెనిస్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ముగ్గురు సోదరులలో ఆయన పెద్దవారు. తండ్రి రీనో రోసీ విద్యుత్ ఇంజనీరు. కాలువలే వీధులైన ఆ నగరానికి విద్యుత్తును అందించే పనిలో ఆయన పాలుపంచుకున్నారు. రోసీ పాదువా విశ్వవిద్యాలయంలో చదివి, 1927లో బొలోన్యా విశ్వవిద్యాలయం నుండి భౌతికశాస్త్రంలో పట్టం పొందారు. ఆ మరుసటి సంవత్సరమే ఫ్లారెన్స్ విశ్వవిద్యాలయంలో సహాయకుడుగా ఉద్యోగం లభించింది.

ఫ్లారెన్స్ భౌతికశాస్త్ర విభాగం నగరానికి ఆనుకొని ఉన్న ఆర్చెట్రీ కొండ మీద ఉండేది. మతాధికారుల ఆగ్రహానికి గురైన గెలీలియో తన చివరి రోజులు గడిపింది ఆ కొండ మీదనే. ఆ విభాగానికి అధిపతి అయిన గార్బాసో భౌతికశాస్త్రవేత్త మాత్రమే కాదు, ఫ్లారెన్స్ నగరాధ్యక్షుడు కూడా. అయినా ప్రయోగశాలకు ధనం లేదు. చలికాలంలో గదులను వెచ్చబరచే వసతి సైతం అంతంత మాత్రమే. ఉన్నదల్లా కొద్దిమంది యువకుల ఉత్సాహం. ఆ యువకులలో రోసీ కంటే రెండేళ్ళు చిన్నవాడైన జుసెప్పే ఒక్కియాలినీ ఒకరు. మిత్రులు ఆయనను బెప్పో అని ముద్దుగా పిలిచేవారు. ఈ పేరు కథ చివరలో మళ్ళీ వస్తుంది.

1929లో జర్మన్ శాస్త్రజ్ఞులు బోథే, కోల్‌హర్‌స్టర్ ప్రకటించిన ఒక పరిశోధన వ్యాసం రోసీ చేతికి వచ్చింది. అంతరిక్షం నుండి భూమి మీదికి నిరంతరం వచ్చి పడే ఒక విధమైన కిరణాలను అప్పటికే గుర్తించి, వాటికి విశ్వకిరణాలని పేరు పెట్టారు. అవి మహాశక్తి కలిగిన ఒక రకం కాంతి అని ఆనాటి పండితుల విశ్వాసం. అమెరికాలో నోబెల్ బహుమతి గ్రహీత మిల్లికాన్ ఆ వాదాన్ని గట్టిగా సమర్థిస్తున్నారు. జర్మన్ శాస్త్రజ్ఞులు రెండు గైగర్ కౌంటర్లను ఒకదానిపై ఒకటి ఉంచి, నడుమ బంగారపు దిమ్మెను అడ్డుపెట్టి చూశారు. గైగర్ కౌంటర్ అంటే వాయువు నింపిన గొట్టం. మధ్యలో సన్నని తీగ ఉంటుంది. విద్యుదావేశం గల కణం గొట్టం గుండా దూసుకుపోయినప్పుడల్లా తీగలో ఒక విద్యుత్ స్పందన పుడుతుంది. బంగారం అడ్డున్నా రెండు గొట్టాలూ తరచుగా ఒకేసారి స్పందించాయి. ఒకే కణం రెంటి గుండా పోతున్నదని దీని అర్థం. అయితే విశ్వకిరణాలు కాంతి కావు, కణాలే. ఆ వ్యాసం చదివిన నాటి నుండి రోసీకి మరొక ధ్యాస లేకుండా పోయింది.

రెండు గొట్టాలు ఒకేసారి స్పందించాయని తెలుసుకోవడం ఎలా? ఇక్కడే రోసీ ప్రతిభ వెల్లడయింది. పొలిమేరలో ముగ్గురు కావలివారు దూరదూరంగా కాపలా ఉన్నారనుకుందాం. ఒక్కడు కేకవేస్తే అది కల కావచ్చు, నక్క కావచ్చు. ముగ్గురూ ఒకే క్షణంలో కేకవేస్తే దొంగ వచ్చినట్లే. రోసీ మూడు రేడియో వాల్వులను ఒకే నిరోధకానికి కలిపి, ఒక్కొక్క వాల్వును ఒక్కొక్క గైగర్ కౌంటరుకు సంధించారు. మూడింటిలో ఏ ఒక్క వాల్వు పనిచేస్తున్నా వలయం మౌనంగా ఉంటుంది. మూడూ ఒకే క్షణంలో ఆగినప్పుడు మాత్రమే గంట కొట్టినట్లు స్పష్టమైన సంకేతం వెలువడుతుంది. 1930లో ఇంగ్లండు నుండి వెలువడే నేచర్ పత్రికలో ఆయన ఈ కోయిన్సిడెన్స్ వలయాన్ని ప్రకటించారు. బోథే వలయం రెండు గొట్టాలకే పరిమితం. రోసీ వలయానికి ఎన్ని గొట్టాలనైనా తగిలించవచ్చు. పైగా అది క్షణభేదాన్ని మరింత నిశితంగా పట్టగలదు. నేటి కంప్యూటర్ల గుండెలో ఉండే తర్క ద్వారాలలో ఒకదానికి ఈ వలయం పూర్వరూపమని చెప్పవచ్చు. ఇరవై అయిదేళ్ళ యువకుడు నాలుగు వాల్వులతో చేసిన పని అది. ఈ విధానానికి గాను 1954లో నోబెల్ బహుమతి బోథేకు దక్కింది. రోసీ పేరు అందులో లేదు.

ఈ సాధనంతో ఆయన వరుసగా అద్భుతాలు వెలికితీశారు. ఒక మీటరు మందం గల సీసాన్ని సైతం చీల్చుకుపోగల కణాలు విశ్వకిరణాలలో ఉన్నాయని నిరూపించారు. గొట్టాలను త్రికోణాకారంలో అమర్చి, పైన సీసపు పలకను ఉంచినప్పుడు మూడూ కలిసి స్పందించడం గమనించారు. సరళరేఖలో పోయే ఒక కణం ఆ మూడింటినీ తాకలేదు. కనుక ఒక కణం సీసంలో పడి అనేక కణాల జల్లుగా మారుతున్నదన్నమాట. ఈ ఫలితం ఎంత నమ్మశక్యం కానిదిగా తోచిందంటే, ఒక జర్మన్ పత్రిక ఆ వ్యాసాన్ని తిరస్కరించింది. హైసెన్‌బర్గ్ వంటి మహాశాస్త్రజ్ఞుడు పూచీపడిన తరువాతనే మరొక పత్రిక దానిని అచ్చువేసింది. అనంతర కాలంలో ఒక్కియాలినీ ఇంగ్లండు వెళ్ళి, గురుతుల్యుడైన రోసీ వలయాన్ని బ్లాకెట్ ప్రయోగశాలకు పరిచయం చేశారు. దాని సాయంతో సాగిన కృషికి బ్లాకెట్ 1948లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

విశ్వకిరణాలు విద్యుదావేశం గల కణాలైతే భూమి అయస్కాంత శక్తి వాటిని పక్కకు మళ్ళించాలి. తూర్పు నుండి వచ్చేవాటి సంఖ్యకూ, పడమటి నుండి వచ్చేవాటి సంఖ్యకూ తేడా ఉండాలి. ఈ విషయాన్ని రోసీ 1930లోనే లెక్కకట్టి చెప్పారు. ఫ్లారెన్స్‌లో ఆ తేడా పట్టుబడలేదు. భూమధ్యరేఖకు సమీపంలో, ఎత్తయిన చోట పరిశీలించాలని ఆయన నిశ్చయించుకున్నారు. ఆనాడు ఇటలీ వలసరాజ్యమైన ఎరిత్రియాలోని అస్మారా పట్టణం అందుకు అనువైనది. అనుమతులూ, నిధులూ సమకూడి 1933లో ఆయన అక్కడికి చేరేసరికి కాలం మించిపోయింది. మెక్సికో నగరంలో అమెరికన్ శాస్త్రజ్ఞులు కొద్ది నెలల ముందే ఆ తేడాను కనుగొని ప్రకటించారు. రోసీ తన ప్రయోగాన్ని విరమించలేదు. పడమటి నుండే ఎక్కువ కణాలు వస్తున్నాయనీ, కనుక వాటిలో అధిక భాగం ధనావేశం కలవేననీ ఆయన కొలతలు సైతం ధ్రువపరిచాయి. కాని ముందుగా ఊహించిన సత్యాన్ని ముందుగా చూసే భాగ్యం ఆయనకు తప్పిపోయింది.

1932లో రోసీ పాదువా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి స్వీకరించారు. అక్కడ కొత్తగా నిర్మించదలచిన భౌతికశాస్త్ర భవనానికి రూపకల్పన బాధ్యతను విశ్వవిద్యాలయం ఆయనకే అప్పగించింది. తన పరిశోధనలను పక్కనబెట్టి, ఏ గదిలో ఏ పరికరం ఉండాలో కూడా తానే నిర్ణయిస్తూ ఆయన ఆ భవనాన్ని తీర్చిదిద్దారు. అది 1937లో పూర్తయింది. 1938 ఏప్రిల్‌లో నోరా లొంబ్రోసోతో ఆయనకు వివాహమైంది. కొత్త భవనం, కొత్త కాపురం, ముప్పయి మూడేళ్ళ వయస్సు. ఆ సెప్టెంబరులో ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలను ప్రకటించింది. యూదులు ఇటలీ విద్యాసంస్థలలో బోధించడానికి వీల్లేదన్నది వాటి సారాంశం. తాను కట్టించిన భవనంలో అడుగుపెట్టే హక్కు రోసీకి లేకుండా పోయింది. ఆయన చేసిన నేరమేమీ లేదు. ఆయన పుట్టుకే నేరమైంది. అక్టోబరులో ఆ దంపతులు మాతృదేశాన్ని విడిచి వెళ్ళారు.

కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్ వారికి ఆశ్రయమిచ్చారు. అక్కడి నుండి మాంచెస్టరులో బ్లాకెట్ చెంతకు చేరారు. ఒకనాడు తన వలయాన్ని ఉపయోగించుకున్న వ్యక్తి నీడలో రోసీ కొన్ని నెలలు తలదాచుకున్నారు. 1939 వేసవిలో ఆర్థర్ కాంప్టన్ ఆహ్వానంపై అమెరికాలోని చికాగో నగరానికి వెళ్ళారు.

ప్రవాసం ఆయన పనిని కుంటుపరచలేదు. అప్పట్లో మెసోట్రాన్ అనీ, నేడు మ్యూయాన్ అనీ పిలిచే కణం ఎంతకాలం జీవిస్తుందన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను వేధిస్తున్నది. ఆ కణాలు కొండమీది నుండి కిందికి వచ్చేలోగా కొన్ని నశించిపోతే ఆ తేడాను బట్టి ఆయుర్దాయం కట్టవచ్చు. రోసీ, ఆయన సహచరులు ఒక పాత బస్సులో సీసం దిమ్మెలూ, గొట్టాలూ వేసుకొని కొలరాడో రాష్ట్రంలో 4,300 మీటర్ల ఎత్తుగల మౌంట్ ఎవాన్స్ శిఖరానికి బయలుదేరారు. 2023లో ఆ శిఖరానికి మౌంట్ బ్లూ స్కై అని పేరు మార్చారు. వివిధ ఎత్తులలో లెక్కించి, మెసోట్రాన్లు దారిలోనే నశిస్తున్నాయని ఆయన తేల్చారు. 1941లో డేవిడ్ హాల్‌తో కలిసి చేసిన ప్రయోగం మరింత విశిష్టమైనది. వేగంగా పయనించే కణాలు నెమ్మదిగా పయనించే వాటికన్నా ఎక్కువ కాలం జీవిస్తున్నాయి. వేగంతోపాటు కాలం సాగుతుందని ఐన్‌స్టీన్ కాగితంమీద చెప్పినది కొండమీద సాక్షాత్కరించింది. ఆ తరువాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో నెరెసన్ అనే విద్యార్థితో కలిసి, నిలిచిపోయిన మెసోట్రాన్ ఆయుర్దాయం సెకనులో పది లక్షల వంతులు రెండింటికి కొంచెం పైన అని రోసీ నేరుగా కొలిచారు. ఈనాటి అతి సూక్ష్మమైన కొలతలకు అది చాలా దగ్గరగా ఉంది.

ఇంతటి సూక్ష్మకాలాన్ని కొలిచే నేర్పు యుద్ధకాలంలో మరుగున పడి ఉండడం సాధ్యం కాదు. ఇటలీ అమెరికాకు శత్రుదేశమైన ఆ రోజులలో సైతం 1943లో రోసీకి లాస్ అలమోస్ నుండి పిలుపు వచ్చింది. అణుబాంబు తయారీలో అవసరమైన పరికరాల విభాగానికి ఆయన నాయకత్వం వహించారు. 1945 జులై 16న న్యూ మెక్సికో ఎడారిలో తొలి బాంబు పేలినప్పుడు, శృంఖల చర్య ఎంత వేగంగా పెరిగిందో కొలిచిన పరికరం ఆయనదే. ఆ కొలతలో సెకనులో కోటి వంతు కూడా పెద్ద వ్యవధియే. శాస్త్రజ్ఞుని నైపుణ్యం అతని ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా ఎక్కడెక్కడికి తీసుకుపోగలదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

యుద్ధం ముగిసిన వెంటనే, 1946లో, రోసీ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యులుగా చేరి మళ్ళీ విశ్వకిరణాలను చేపట్టారు. పెద్ద పెద్ద కణయంత్రాలు వచ్చి విశ్వకిరణాల ప్రాముఖ్యం కొంత తగ్గిన 1950లలో ఆయన చూపు అంతరిక్షం వైపు మళ్ళింది. 1959లో తాను పాలకమండలి అధ్యక్షుడుగా ఉన్న అమెరికన్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ అనే చిన్న సంస్థకు ఆయన ఒక సూచన చేశారు. సూర్యునికి ఆవల ఉన్న ఎక్స్ కిరణాల కోసం వెతకాలన్నదే ఆ సూచన. ఇటలీ నుండి వచ్చిన రికార్డో జకోనీ అనే ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడు ఆ సంస్థలో అప్పుడే చేరారు. ఆయన ఈ పనిని భుజాన వేసుకున్నారు.

ఆ ఆలోచన వెర్రిగా తోచడానికి గట్టి కారణమే ఉంది. ఎక్స్ కిరణాలను మన వాతావరణం పూర్తిగా మింగివేస్తుంది. రాకెట్ల సాయంతో సూర్యుని ఎక్స్ కిరణాలను అప్పటికే గుర్తించారు. కాని ఇతర నక్షత్రాలు కూడా సూర్యునంతటివే అయితే, అంత దూరం నుండి వచ్చే వాటి ఎక్స్ కిరణాలు ఆనాటి పరికరాలకు చిక్కే అవకాశమే లేదు. లెక్క ప్రకారం ఏమీ కనబడకూడదు. లెక్కకు అందనిది ప్రకృతిలో ఉండవచ్చునన్నదే రోసీ వాదం. నిధుల కోసం వెళ్ళినప్పుడు నక్షత్రాల మాటకు ఆదరణ లభించలేదు. సూర్యకాంతి తగిలి చంద్రుడు వెలువరించే ఎక్స్ కిరణాలను కొలుస్తామని చెప్పి వైమానిక దళ పరిశోధనాలయం నుండి ధనం సంపాదించారు. 1961లో ఎగిరిన రాకెట్టులో పరికరాల ముందున్న తలుపులు తెరుచుకోలేదు.

1962 జూన్ 18 అర్ధరాత్రి కావస్తుండగా న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ నుండి మరొక రాకెట్టు లేచింది. అందులో ఉన్నవి గైగర్ కౌంటర్లే, అంటే ఆర్చెట్రీ నాటి గొట్టాలకు వారసులు. రాకెట్టు తన చుట్టూ తాను తిరుగుతూ సుమారు ఆరు నిమిషాలపాటు వాతావరణపు దట్టమైన పొరలకు పైన నిలిచింది. చంద్రుని వైపు ఏమీ కనబడలేదు. కాని రాకెట్టు ఒక్కొక్కసారి తిరిగినప్పుడల్లా ఆకాశంలో మరొక దిశలో గొట్టాలు జోరుగా స్పందించాయి. అది వృశ్చిక రాశి దిశ. అక్కడి మూలానికి స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు వచ్చింది. జకోనీ, గుర్‌స్కీ, పావొలినీ, రోసీ కలిసి ఈ ఫలితాన్ని ప్రకటించారు. ఆరు నిమిషాల పరిశీలనతో ఒక కొత్త శాస్త్రం ఆవిర్భవించింది.

కనుగొన్నారు సరే, అది ఏమిటి? ముందుగా దాని స్థానాన్ని ఖచ్చితంగా గుర్తించాలి. 1966లో రోసీ విద్యాసంస్థ, జకోనీ సంస్థ కలిసి ఈ పని సాధించాయి. ఆ చోట దుర్భిణీకి ఒక మసక నీలి నక్షత్రం చిక్కింది. ఈ పరిశోధక బృందంలో బొంబాయి టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థకు చెందిన బి.వి. శ్రీకంఠన్ కూడా ఉన్నారు. ఆయన స్వదేశానికి తిరిగివచ్చాక, 1968లో ఆ సంస్థ హైదరాబాదు నుండి పెద్ద బెలూన్ల ద్వారా ఎక్స్ కిరణ పరికరాలను పైకి పంపింది. శక్తిమంతమైన ఎక్స్ కిరణాలు బెలూన్లు ఎగిరే ఎత్తువరకు దిగిరాగలవు. స్కార్పియస్ ఎక్స్-1 కాంతి కొద్ది వ్యవధిలోనే హెచ్చుతగ్గులకు లోనవుతున్నదని ఆ బెలూన్లు పట్టి ఇచ్చాయి. రోసీ వేసిన విత్తనం తెలుగునేల మీద మొలకెత్తిన సందర్భమది.

1967లో సోవియట్ శాస్త్రజ్ఞుడు ష్క్లోవ్‌స్కీ ఒక వివరణ ప్రతిపాదించారు. అది జంట నక్షత్రమనీ, వాటిలో ఒకటి న్యూట్రాన్ నక్షత్రమనీ ఆయన భావన. పెద్ద నక్షత్రం పేలిపోయినప్పుడు మిగిలే నడిబొడ్డే న్యూట్రాన్ నక్షత్రం. సూర్యునికన్నా ఎక్కువ పదార్థం సుమారు ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్ల అడ్డుకొలత గల గోళంలోకి కుదించుకుపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దాని ఆకర్షణకు లోనై తోడు నక్షత్రంలోని వాయువు పళ్ళెంవలె సుడులు తిరుగుతూ వచ్చి పడుతుంది. పడే వేగం కాంతివేగంలో దాదాపు సగానికి చేరుతుంది. ఆ తాకిడికి వాయువు కోట్ల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్ కిరణాలను వెదజల్లుతుంది.

దీనికి తిరుగులేని నిదర్శనం కాలపు కొలతలోనే దొరికింది. 1970 డిసెంబరు 12న కెన్యా తీరాన సముద్రంలోని ఇటలీ వేదిక నుండి ఉహురు అనే ఉపగ్రహం ఎగిరింది. స్వాహిలి భాషలో ఆ మాటకు స్వాతంత్ర్యమని అర్థం. సెంటారస్ ఎక్స్-3 అనే మూలం 4.8 సెకన్లకు ఒకసారి మెరుస్తున్నట్లు అది కనుగొన్నది. బలమైన అయస్కాంత శక్తి గల న్యూట్రాన్ నక్షత్రం వాయువును తన ధ్రువాల వైపు మళ్ళిస్తుంది. నక్షత్రం తిరిగేకొద్దీ ఆ వేడి ధ్రువం దీపస్తంభపు వెలుగువలె మనవైపు వచ్చి పోతుంది. అంతేకాదు, రెండు మెరుపుల నడుమ వ్యవధి కొంతకాలం పెరుగుతూ, కొంతకాలం తరుగుతూ 2.1 రోజులకు మళ్ళీ మొదటికి వస్తున్నది. అంటే ఆ నక్షత్రం ఒకసారి మనకు దూరమవుతూ, మరొకసారి దగ్గరవుతూ మరొకదాని చుట్టూ తిరుగుతున్నది. పెద్ద నక్షత్రం అడ్డుగా వచ్చినప్పుడు ఎక్స్ కిరణాలు మాయమవుతున్నాయి. అది గ్రహణం. కంటితో ఎన్నడూ వేరుగా చూడని రెండు నక్షత్రాల ఉనికి, కక్ష్య, భ్రమణం కేవలం కాంతి హెచ్చుతగ్గుల వల్ల తెలిసిపోయాయి.

1975లో మరొక వింత బయటపడింది. కొన్ని మూలాలు గంటలకొకసారి హఠాత్తుగా ప్రజ్వరిల్లి, పదుల సెకన్లలో చల్లారుతున్నాయి. న్యూట్రాన్ నక్షత్రం ఉపరితలం మీద పేరుకున్న హైడ్రోజన్, హీలియం ఒక స్థాయికి చేరగానే ఒక్కసారిగా అంటుకొని కేంద్రక సంయోగంతో మండిపోవడమే దీనికి కారణం. పొయ్యిమీది పాలు పొంగి, చల్లబడి, మళ్ళీ పొంగినట్లు ఇది పునరావృతమవుతుంది. వాయువు ధారగా కాక ముద్దలు ముద్దలుగా పడడం వల్ల క్షణక్షణం పేలే మూలాన్ని కూడా రోసీ విద్యాసంస్థ వారి ఉపగ్రహం 1976లో గుర్తించింది. గ్రహణం వల్ల కొన్ని, భ్రమణం వల్ల కొన్ని, పడే వాయువు హెచ్చుతగ్గుల వల్ల కొన్ని, పేరుకున్న ఇంధనం మండడం వల్ల కొన్ని, ఇలా ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క కారణం, ఒక్కొక్క కాలపరిమాణం.

ఈ పరిణామాలన్నీ రోసీ కళ్ళెదుటనే జరిగాయి. అప్పటికి ఆయన పదవీ విరమణ చేశారు. పగ్గాలు శిష్యుల చేతికి, జకోనీ వంటి వారి చేతికి వచ్చాయి. ఆ విషయమై ఆయన పేచీకి దిగినవారు కారు. 1983లో అమెరికా ప్రభుత్వం జాతీయ విజ్ఞాన పతకంతో సత్కరించింది. 1987లో జకోనీ, ఫ్రీడ్‌మన్‌లతో కలిసి వుల్ఫ్ బహుమతి అందుకున్నారు. 1990లో ఆయన ఆత్మకథ ఆంగ్లంలో వెలువడింది. 1993 నవంబరు 21న కేంబ్రిడ్జి నగరంలోని స్వగృహంలో గుండెపోటుతో ఆయన మరణించారు. ఆయన చితాభస్మాన్ని ఫ్లారెన్స్‌లోని సాన్ మినియాతో దేవాలయ శ్మశానంలో ఉంచారు. అది ఆర్చెట్రీ కొండకు సమీపంలో ఉంది. పొమ్మన్న దేశానికే ఆయన చివరకు చేరుకున్నారు. ఎక్స్ కిరణ ఖగోళశాస్త్రానికి నోబెల్ బహుమతి 2002లో జకోనీని వరించింది. అప్పటికి రోసీ మరణించి తొమ్మిదేళ్ళు.

1995 డిసెంబరు 30న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక ఉపగ్రహాన్ని ప్రయోగించింది. సుందరమైన చిత్రాలు తీయడం దాని పని కాదు. వాయువు నింపిన ఐదు పెద్ద గణకాలతో ఎక్స్ కిరణాలను ఒక్కొక్కటిగా పట్టి, ఏది ఏ క్షణంలో వచ్చిందో సెకనులో పది లక్షల వంతు వరకు గుర్తించడమే దాని పని. విశ్వకిరణాల వల్ల కలిగే తప్పుడు స్పందనలను ఏరివేయడానికి అందులో వాడినది కోయిన్సిడెన్స్ పద్ధతియే. 1996 ఆరంభంలో ఆ ఉపగ్రహానికి రోసీ ఎక్స్ కిరణ కాలపరిశీలక ఉపగ్రహమని నామకరణం చేశారు. ఇంతకన్నా తగిన పేరు మరొకటి దొరకదు. ఆ సంవత్సరంలోనే స్కార్పియస్ ఎక్స్-1 కాంతి సెకనుకు దాదాపు వెయ్యిసార్లు కంపిస్తున్నట్లు అది కనుగొన్నది. న్యూట్రాన్ నక్షత్రానికి అతి చేరువలో సుడులు తిరిగే వాయువుతో ఈ కంపనాలకు సంబంధం ఉన్నదని భావిస్తున్నారు. ఖచ్చితమైన కారణంపై పండితులలో ఏకాభిప్రాయం కుదరలేదు. విచిత్రమేమంటే, సెంటారస్ ఎక్స్-3లో వలె క్రమం తప్పని మెరుపులు మాత్రం ఈ తొలి మూలంలో ఎంత వెతికినా దొరకలేదు.

1996లోనే ఇటలీ, నెదర్లాండ్స్ దేశాలు కలిసి బెప్పోసాక్స్ అనే ఉపగ్రహాన్ని పంపాయి. రోసీ మరణించిన ఏడాదే కన్నుమూసిన ఒక్కియాలినీ స్మారకంగా పెట్టిన పేరది. ధనుస్సు రాశిలో ఒక కొత్త మూలాన్ని బెప్పోసాక్స్ గుర్తించింది. అది సెకనుకు 401 సార్లు తిరిగే న్యూట్రాన్ నక్షత్రమని 1998లో రోసీ ఉపగ్రహం తేల్చింది. తోడు నక్షత్రం నుండి ఏళ్ళ తరబడి పడే వాయువే న్యూట్రాన్ నక్షత్రాన్ని అంతటి వేగంతో తిప్పుతుందన్న సిద్ధాంతానికి అది తొలి ప్రత్యక్ష నిదర్శనం. ఆర్చెట్రీ కొండమీది చలిగదులలో కలిసి పనిచేసిన ఇద్దరు మిత్రుల పేర్లు ఆ విధంగా ఆకాశంలో మళ్ళీ కలిశాయి.

రోసీ ఉపగ్రహం పదహారేళ్ళు పనిచేసి 2012 జనవరిలో విశ్రమించింది. 2018లో వాతావరణంలో ప్రవేశించి దగ్ధమైపోయింది. ఈ నడుమ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి భారతదేశపు తొలి ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ నింగికెగసింది. హైదరాబాదు బెలూన్లతో ఈ విద్యకు శ్రీకారం చుట్టిన టాటా సంస్థయే అందులోని పెద్ద ఎక్స్ కిరణ గణకాలను నిర్మించింది. వాయువు నింపిన ఆ గణకాలు న్యూట్రాన్ నక్షత్రాల జంటల నుండి వచ్చే ఎక్స్ కిరణాలను పట్టి, వచ్చిన క్షణంతో సహా నమోదు చేశాయి.